పందిరి నీడ ఎవరిది?



ఎండలు ముదరకముందే ఇంటి ముందర ఒక కర్ర పందిరి వేసికొనవలెనని తలంచు కుటుంబములు మన సంఘములలో అనేకము కలవు. అది మంచి ఆలోచన. దానికి గొప్ప ధనము అక్కరలేదు, గొప్ప విద్యయు అక్కరలేదు. వారములో రెండు సాయంకాలములు తీరిక గలవాడు, ఒక కుమారుడో అల్లుడో చేయి సాయము చేసినయెడల, తన చేతులతోనే దానిని నిలువబెట్టగలడు. అయితే పందిరి నిలిచిన తరువాత ఒక ప్రశ్న పుట్టును. ఆ నీడ ఎవరిది? వేసినవానిదా? స్థలము గలవానిదా? దాని క్రిందికి వచ్చి కూర్చున్నవానిదా? వినుటకు ఇది చిన్న ప్రశ్నయే గాని, గ్రామములో జీవించువారికి ఇది చిన్నది కాదు. దీనిని గూర్చి ఈ నెల నీతో కొంచెము మాటలాడగోరుచున్నాను. ముందుగా పందిరిని వేయుదము. లేని పందిరి నీడకొరకు వాదులాడుట తెలివిగలవారి పని కాదు.

నాలుగు గుంజలు, రెండు దూలములు, ఏడు అడ్డకర్రలు: చిన్న ఇంటికి ఈ సామగ్రి చాలును. గుంజ 9 అడుగులు ఉండవలెను. 2 అడుగులు నేలలోనికి పోగా 7 అడుగులు పైకి నిలుచును. గుంజల మధ్య ఉత్తర దక్షిణములుగా 8 అడుగులు, తూర్పు పడమరలుగా 6 అడుగులు ఎడము విడువుము. దూలము 10 అడుగులదైనచో రెండు కొనలను ఒక్కొక్క అడుగు బయటికి వచ్చును. అడ్డకర్రలు 8 అడుగులవి తీసికొని, దూలముల మీద అడుగున్నర ఎడముగా పరచుము. ఏడు కర్రలు పరచినప్పుడు రెండు చివరల అర అడుగు చొప్పున మిగులును.

కోస్తా గ్రామములలో సరుగుడు సులభముగా దొరకును. అది తిన్నగా ఉండును, దాని వెలయు తక్కువ. మెట్ట ప్రాంతములవారికి తుమ్మ, వేప దొరకును. తుమ్మ గుంజ వంకర టింకరగా ఉండును గాని నేలలో సరుగుడుకంటె ఎక్కువ కాలము ఓర్చును. తాటిమాను చీల్చిన వాసములును మంచివే. అయితే తాటిచెట్టు బలమంతయు వెలుపలి భాగములో ఉండును, లోపలిది మెత్తని పీచు. గనుక ముదురు చెట్టు మానునే కోరుకొనుము.

పాతిన గుంజ ఎక్కడ కుళ్లునో నీవెప్పుడైన గమనించితివా? చాలమంది అడుగున కుళ్లుననుకొందురు. కాని ఊడబెరికి చూచినయెడల, నేల మట్టమున, మన్నును గాలియు కలిసికొనుచోటనే అది ముందుగా కుళ్లి సన్నబడియుండును. తడి యొక్కటే కర్రను అంతగా పాడుచేయదు. తడియు గాలియు జతపడినప్పుడు అది త్వరగా పాడగును. కావున గుంజ మొదలును కొంచెము కాల్చి, అడుగునుండి నేల మట్టమునకు ఒక జానెడు పైవరకు తారు పూయుము. గుంటలో ముందు ఒక రాయి వేసి దాని మీద గుంజను నిలుపుము. చుట్టును కంకరయు మన్నును పోసి గట్టిగా దిమ్మిస కొట్టుము. పైన మన్ను కొంచెము ఎత్తుగా నుంచినచో వాన నీరు గుంజ దగ్గర నిలువదు. ఇంత చేసినను చెదపురుగు వచ్చును. ఏటేట ఒకసారి గునపపు మొనతో పొడిచి చూడవలసినదే.

నాలుగు గుంటలు సరిగా నున్నవో లేవో తెలిసికొనుటకు మేస్త్రీ అక్కరలేదు. ఎదురెదురు ప్రక్కలు సమానముగా నుండవలెను. పిమ్మట ఒక తాడుతో ఈ మూలనుండి ఆ మూలకు, తక్కిన రెండు మూలలకును కొలిచి చూడుము. రెండు కొలతలును ఒకటియైనచో నీ పందిరి మూలమట్టముగా నున్నది. గుంజ తలకు సహజమైన పంగ యున్నయెడల దూలము దానిలో కూర్చుండును, మేకు పని తగ్గును. మేకు కొట్టవలసినచోట ముందుగా బర్మాతో సన్నని రంధ్రము చేయుము. ఎండిన సరుగుడు మేకుకు చీలిపోవును. కొబ్బరి తాడుతో కట్టిన కట్టు ఎండకును వానకును ఒకటి రెండు సంవత్సరములలో నశించును గనుక, దూలముల దగ్గర ఇనుప తీగ వాడుటయే మేలు.

ఇక తీగ. బీర, సొర, కాకర, పొట్ల అను నివి నులితీగలతో పట్టుకొని ప్రాకును. చిక్కుడునకు నులితీగ లేదు. అది తన కాండమునే కర్రకు చుట్టుకొనును. సన్నజాజికి మొదట కొన్ని నెలలు మనమే కట్టుచుండవలెను. నులితీగ పనిని నీవు దగ్గరగా చూడవలెనని కోరుచున్నాను. దాని కొన కర్రను పట్టుకొనిన తరువాత నడిమి భాగము మరచుట్టలవలె చుట్టుకొనును. సగము ఒక వైపునకును, సగము ఎదుటి వైపునకును తిరుగును. చార్లెస్ డార్విన్ అను శాస్త్రజ్ఞుడు 1865లో ప్రాకు మొక్కలను గూర్చి వ్రాసిన గ్రంథములో దీనిని వివరించెను. పెనుగాలి వీచుచుండగా కంచె యొద్దకు వెళ్లి, తీగ తెగునో నిలుచునో అని అతడు నిలువబడి చూచెను. ఆ చుట్టలు సాగి మరల ముడుచుకొనుట వలన తీగ తెగలేదు. ఆ మనుష్యుని ఇతర సిద్ధాంతములను గూర్చి ఎవరెట్లు తలంచినను, పెనుగాలిలో ఒక తీగను చూచుటకు వెళ్లిన ఓపికను మనము మెచ్చుకొనవలెను.

సొర పువ్వు తెల్లనిది. సాయంకాలమున విచ్చును. రాత్రివేళ తిరుగు పురుగులు దాని పుప్పొడిని మోయును. నీవు నిద్రించుచుండగా నీ పందిరి మీద పని జరుగుచునే యుండును.

ఇప్పుడు నీడను చూడుము. మే నెల మూడు నాలుగు వారములలో మన ప్రాంతమున మధ్యాహ్న సూర్యుడు దాదాపు నడినెత్తిన నిలుచును. అప్పుడు నీడ పందిరి క్రిందనే యుండును. కాని సాయంకాలము నాలుగు గంటలకు, నీవు పొలమునుండి తిరిగివచ్చి కాళ్లు కడుగుకొనువేళకు, ఆ నీడ ఎక్కడనున్నది? పందిరి ఎత్తునకు ఇంచుమించు ఒకటిన్నర రెట్ల దూరము అది తూర్పునకు జరిగిపోయినది. 7 అడుగుల పందిరికి అది సుమారు 10 అడుగులు. పైకప్పు వెడల్పు 8 అడుగులే గదా! అనగా ఆ పైకప్పు నీడ ఒక్క అడుగైనను పందిరి క్రింద మిగులలేదు. అది వీధిలోనో, తూర్పు వైపు పొరుగువాని వాకిటిలోనో పడియున్నది. ఉదయము ఎనిమిది గంటలకు ఇదే నీడ పడమటి పొరుగువాని గోడ మీద నుండును. కర్ర నీది, కష్టము నీది, స్థలము నీది. నీడ మాత్రము దినములో సగము ఇతరుల యొద్దనే కాపురముండును. (నాలుగు గంటల ఎండను ఆపవలెనన్నచో పడమటి ప్రక్క తీగను తెరవలె క్రిందికి వ్రేలాడనిమ్ము. పై కప్పు ఒక్కటి చాలదు.)

“నా కష్టముతో చేసినది నాదే” అని నీవు చెప్పవచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. ఇంగ్లండు దేశపు తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో ప్రచురించిన గ్రంథములో ఆస్తికి ఆధారము ఇదేనని వాదించెను. ఎవనికిని చెందక పడియున్న దానిలో ఒకడు తన చేతి కష్టమును కలిపినప్పుడు అది వానిదగునని అతని భావము. అయితే అతడు దానికొక షరతు పెట్టెను. ఇతరులకు కూడ అంతే మంచిది, చాలినంత మిగిలియుండవలెను. లోకములో ఆ మొదటి మాటను పట్టుకొనినవారు అనేకులు, షరతును జ్ఞాపకముంచుకొనినవారు కొందరే.

కూలివాని పక్షమున ఆలోచించినయెడల ఆ మొదటి మాట మనకెంతో అవసరము. చేసినవానికి ఫలము చెందదన్నచో, తరతరములుగా ఇతరుల పొలములలో చెమటోడ్చిన మన తాతలకు జరిగినది అన్యాయమని చెప్పుటకు మనకు ఆధారమే యుండదు. కావున చేసిన చేతికి హక్కు కలదు. నేను అడుగునది మరియొకటి. పందిరిలో నీ చేయి చేసినది ఎంత?

యూదులు పర్ణశాలల పండుగలో ఏడు దినములు కొమ్మలతో కప్పిన గుడారములలో నివసించుట లేవీయకాండమునుబట్టి మనకు తెలిసిన సంగతి. క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నా అను వారి ధర్మ గ్రంథములో ఆ పర్ణశాల ఎట్లుండవలెనో కొలతలతో సహా వ్రాయబడియున్నది. దాని ఎత్తు 20 మూరలకు మించరాదు. లోపల ఎండకంటె నీడ ఎక్కువగా నుండవలెను. వారు చెప్పిన ఇంకొక నియమము నన్ను ఆలోచింపజేసినది. ద్రాక్షనుగాని సొరనుగాని ప్రాకించి, అది నేలనంటి పెరుగుచుండగానే కప్పుగా నుంచుకొనినయెడల ఆ పర్ణశాల చెల్లదు. కోసి వేసిన దానితోనే కప్పవలెను. వేరుగల తీగ ఎంత చక్కని నీడ నిచ్చినను, పండుగ లెక్కలో అది కట్టిన కప్పు కాదు. మనము వేసినదానికిని, దానంతట అది పెరిగినదానికిని మధ్య ఆ పెద్దలు గీత గీసిరి. ఆ గీతతో నీ పందిరిని కొలిచినయెడల, నీది పదమూడు కర్రలు. కర్రల నీడ గీతలు గీతలుగా నేల మీద పడును. దానిలో కోడిపిల్ల కూడ దాగుకొనలేదు.

యోనా సంగతియు ఇదే గదా. అతడు పట్టణపు తూర్పున పందిరి వేసికొని దాని నీడను కూర్చుండెను. అయినను అతనికి సంతోషము కలిగించినది తాను వేసిన పందిరి కాదు, దాని మీదికి ఒక్క రాత్రిలో ఎదిగిన చెట్టు. తాను విత్తలేదు, నీరు పోయలేదు. అది వాడినప్పుడు మాత్రము తన సొత్తు పోయినట్లు కోపపడెను. ఆ చెట్టు ఏదైయుండునని పండితులు నేటివరకు తర్కించుచున్నారు. మన తెలుగు బైబిలు సొరచెట్టనుచున్నది. జెరోము లాటిను భాషలోనికి తర్జుమా చేయుచు, అలవాటైన సొరను తీసివేసి గోడల మీద ప్రాకు వేరొక తీగ పేరు పెట్టెను. ఆఫ్రికాలో ఓయా అను పట్టణమున, అనగా నేటి లిబియాలోని త్రిపోలిలో, ఆ పాఠము చదువగానే సంఘములో పెద్ద అల్లరి పుట్టినదనియు, బిషప్పు తన సభ్యులను పోగొట్టుకొనునంత పని జరిగినదనియు అగస్టీను 403లో జెరోమునకు ఉత్తరము వ్రాసెను. సొరకాయకొరకు సంఘము చీలబోయినది! మన సంఘ తగవులను చూచి నవ్వువారు దీనిని కూడ జ్ఞాపకముంచుకొందురు గాక. ఇప్పటి పండితులలో అనేకులు అది ఆముదపు చెట్టని తలంచుచున్నారు. ఏ చెట్టును లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనవారు అందురు గదా. పాలమూరు, నల్లగొండ వైపు ఆముదపు చేలు చూచినవారికి, వెడల్పాటి ఆ ఆకుల క్రింద తల దాచుకొనుట ఎట్టిదో నేను చెప్పనక్కరలేదు.

చెట్టు పేరు ఏదైనను, యోనా ఆ నీడను దేనికి వాడుకొనెనో చూడుము. లక్షా ఇరువదివేలకు మించిన జనముగల పట్టణము కాలిపోవునేమో చూతమని చల్లగా కూర్చుండెను. నీడలో కూర్చుండుట తప్పు కాదు. ఎండలో నున్నవారిని చూచుటకు దానిని మంచెగా చేసికొనుట వేరొక సంగతి.

అయితే, “పందిరిని ఊరందరికిని విడిచిపెట్టవలెనా? నా ఇంట నాకు ఏకాంతము వద్దా? ఆడబిడ్డలు తీరికగా తల దువ్వుకొనుటకైన చోటు వద్దా?” అని ఒక సహోదరి అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. ప్రవక్తలు ఇద్దరు ఈ నీడను గూర్చి రెండు విధములుగా పలికిరి. మీకా నాలుగవ అధ్యాయములో ప్రతివాడును తన ద్రాక్షచెట్టు క్రిందను తన అంజూరపు చెట్టు క్రిందను భయములేక కూర్చుండును. జెకర్యా మూడవ అధ్యాయములో అవే చెట్ల క్రిందికి ఒకరినొకరు పిలుచుకొందురు. మీకా చూచినది తన సొంత నీడలో బెదిరించువాడు లేక కూర్చున్న మనుష్యుని. జెకర్యా చూచినది కేక వేసి పొరుగువానిని పిలుచు మనుష్యుని. ప్రసంగములలో మనము జెకర్యా పక్షము త్వరగా తీసికొందుము, అది చెప్పుటకు తేలిక. కాని మీకా ముందు రావలెనని నా అభిప్రాయము.

ఎందుకనగా, తనకంటూ వాకిలి లేనివానికి ఎవరినైన పిలుచు భాగ్యము కూడ లేదు. మన పెద్దలలో అనేకులు ఇతరుల చెట్ల క్రింద, ఇతరుల అనుమతితో, లేచి పొమ్మన్నప్పుడు లేచి పోవు షరతు మీద కూర్చున్నవారు. ఇంటి స్థలము పట్టా చేతికి వచ్చిన దినమున ఒక కుటుంబము మొట్టమొదట తన సొంత నేలలో గుంజ పాతుట నేను పలుమారులు చూచితిని. ఆ గుంజకు ఆనుకొని ఆ యింటి పెద్దమ్మ కూర్చున్న తీరులో ఒక నిశ్చింత యుండును. ఆమెను, “అమ్మా, నీ నీడను అందరికిని పంచుము” అని తొందరపెట్టుటకు ఏ బోధకునికిని హక్కు లేదు. ఆమెను కొంతకాలము కూర్చుండనిమ్ము. తనది అని చెప్పుకొనుటకు ఏదియు లేక బ్రతికినవారికి తనది అను మాట పాపము కాదు. ఆ మాటను ఎన్నడును పోగొట్టుకొననివారు దానిని గట్టిగా బిగపట్టినప్పుడే మనము అడుగవలెను.

నేను సేవ చేసిన ఒక గ్రామములో అన్నదమ్ములిద్దరు తండ్రి పోయిన పిమ్మట ఇల్లు పంచుకొనిరి. పెద్దమనుష్యులు వాకిటి నడుమ దారము లాగిరి. సన్నజాజి మొదలు అన్న వైపు పడినది, అది ప్రాకిన పందిరి తమ్ముని వైపు పడినది. నీరు పోయునది వదినె, పూలు కోయునది మరదలు. కొంతకాలమునకు వదినె నీరు పోయుట మానివేసెను. తీగ చావలేదు గాని పూయుట మానెను. ఇద్దరును నా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, పూలెవరివో మీరే చెప్పండి” అనిరి. నేను సంఘ పెద్దలను కూర్చుకొని వెళ్లితిని. ఒక పెద్ద వేరు గలవానివనెను. ఒకాయన పందిరి గలవానివనెను. మూడవ ఆయన సోలతో కొలిచి చెరిసగము పంచవలెనని చెప్పెను. వంతుల చొప్పున ఒక నెల ఈ కొడుకు ఇంటను ఒక నెల ఆ కొడుకు ఇంటను అన్నము తినుచున్న ముసలి తల్లి అంతవరకు మాటలాడలేదు. అప్పుడామె, “పాదు తీసినవాడు, పందిరి వేసినవాడు మీ నాన్న. పోయి ఆయనను అడిగి రండి” అనెను. ఎవరును బదులు చెప్పలేదు. మరునాడు మరదలు రెండు కడవల నీరు మోసికొని వెళ్లి మొదట్లో పోసినదని విన్నాను. తగవంతయు తీరెనని చెప్పజాలను. మరుగు గోడ కట్టు విషయమై వారు ఆ తరువాత కూడ గట్టిగానే పోట్లాడుకొనిరి. జాజిని గూర్చి మాత్రము మరల నా యొద్దకు రాలేదు.

సోలతో కొలువవలెనన్న పెద్దను నేను తక్కువ చేయను. కొలత కొన్నిసార్లు శాంతినిచ్చును. ద్వితీయోపదేశకాండము ఇరువది మూడవ అధ్యాయములో పొరుగువాని ద్రాక్షతోటకు వచ్చినవానికి అటువంటి కొలత కలదు. కడుపార తినవచ్చును, పాత్రలో వేసికొని పోరాదు. తోట గలవాని హక్కును ఆకలిగొన్నవాని హక్కును ఒకే గట్టు మీద నిలుపు నియమమది. నీ పందిరి మీది చిక్కుడుకాయను దారిన పోవు పిల్లవాడు ఒకటి త్రుంచినప్పుడు కర్ర తీసికొని పరుగెత్తుటకు ముందు దీనిని తలంచుము. వాడు సంచి తెచ్చినప్పుడు వాని తల్లితో మాటలాడవచ్చును.

నీడను గూర్చి ఇంత చెప్పుట అతిశయోక్తియని నీకు తోచవచ్చును. 2015 మే నెలలో వీచిన వడగాలికి ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వెయ్యికి పైగా ప్రాణములు పోయినవి. ఇట్టి గాలికి మొదట పడిపోవువారు వయసు మళ్లినవారును, ఎండలో కూలి చేయువారును. వారిలో ఎందరికి ఒక గంట నీడయు ఒక కుండ నీరును చాలియుండెనో ప్రభువునకే తెలియును. 2005లో చేయబడిన ఉపాధి హామీ చట్టము పని స్థలములో త్రాగు నీటితోపాటు పిల్లలకును విశ్రాంతికిని నీడ ఏర్పాటు చేయవలెనని విధించెను. చట్టము చేసినవారు నీడను దయతో పెట్టు వస్తువుగా లెక్కింపక, కూలితోపాటు చెల్లింపవలసినదిగా లెక్కించిరి. మన పల్లెలలో చట్టమునకు ఎంతో ముందునుండియే చలివేంద్రములు కలవు. రెండు తాటాకులు కప్పి, ఇసుకలో కుండలు పెట్టి, దారిన పోవువాని పేరు అడుగకుండ నీరు పోయు ఆచారము మంచిది. పేరు అడుగకుండ అని వ్రాసితిని. అన్ని చోట్లను అట్లు జరుగలేదని నీకును తెలియును, నాకును తెలియును. కొందరికి దోసిట పోసిరి, కొందరికి గ్లాసునిచ్చిరి.

అందుచేత నేను నీ పందిరి క్రిందికి వచ్చి ఒక్క సంగతి చూతును. మంచము మీద ఎవరు కూర్చున్నారు? నేల మీద ఎవరు కూర్చున్నారు? ఒకప్పుడు మన తాతలు ఇతరుల వాకిళ్లలో చెప్పులు చేత పట్టుకొని నిలువబడిరి, కూర్చుండుమన్నచో నేల మీదనే. ఆ అవమానమును మనము మరువలేదు, మరువకూడదు కూడ. అయితే ఇప్పుడు మన సొంత పందిరి క్రిందికి ఉద్యోగస్థుడు వచ్చినప్పుడు మంచము మీద దుప్పటి పరచుచున్నాము. నాట్లు వేసి వచ్చిన కూలి స్త్రీ వచ్చినప్పుడు ఆమె తానే గుంజ ప్రక్కన నేల మీద కూలబడుచున్నది, మనము చూచియు ఊరకుందుము. మనకంటె తక్కువవారని మనము లోలోపల లెక్కించు పేటనుండి వచ్చిన సహోదరుడు, ఒకే బల్లయొద్ద మనతో రొట్టె విరిచినవాడే, మన మంచము అంచున కూర్చుండుటకు వెనుదీయుచున్నాడు. యాకోబు తన పత్రికలో బంగారపు ఉంగరము గలవానికి మంచి చోటును, దరిద్రునికి పాదపీఠము దగ్గరను చూపిన సంఘమును గద్దించెను. ఆయన మాటలాడినది సమాజమందిరమును గూర్చి. మన మందిరములలో అందరును చాపల మీద సమముగానే కూర్చుందురు. ఇంటికి వచ్చిన తరువాతనే మంచము అడ్డము వచ్చుచున్నది.

“నేనెవరిని నేల మీద కూర్చుండుమనలేదే” అని నీవు చెప్పుదువు. నిజమే. నీవు అననక్కరలేదు. మంచమే ఆ మాట అనును. మంచమునకు తలవైపు, కాళ్లవైపు అని రెండు కలవు. ఎవడు ఏ వైపు కూర్చుండవలెనో, ఎవడు కూర్చుండరాదో ఊరిలో పుట్టిన ప్రతి పిల్లవానికిని తెలియును. రమ్మని ఎంత ప్రేమతో పిలిచినను, తరతరముల అలవాటు ఆమెను నేలకే లాగును. “పైన కూర్చో అమ్మా” అని నలుగురి ముందర బలవంతము చేసినయెడల ఆమెకు మరింత సిగ్గు కలుగును. అక్కడ నీ మంచి మాట పనికిరాదు.

కావున పందిరి క్రింద మంచము వేయవద్దని నా సలహా. మంచమును రాత్రి నిద్రకు ఉంచుకొనుము. తాటి దుంగను నిలువుగా రెండుగా చీల్పించి, లోపలి మెత్తని పీచును చెక్కి చదును చేయించి, మూడు వైపుల మూడు బల్లలు అమర్చుము. నేలనుండి 15 అంగుళముల ఎత్తు ముసలివారికిని పిల్లలకును సరిపోవును. పొట్టి గుంజలను పెద్దవాటివలెనే కాల్చి తారు పూసి పాతవలెను. మూడు బల్లలును ఒకే ఎత్తున నుండునట్లు నీటి గొట్టముతో మట్టము చూచుకొనుము. వీధి వైపు బల్లను మొదట వేయుము. పని సగములో ఆగినను అదొక్కటి యుండును. దాని ప్రక్కన మూడు పంగలుగల కర్రనొకటి పాతినయెడల కుండ కదలక కూర్చుండును. నాలుగు గంటలకు పైకప్పు నీడ అటువైపే పోవును గనుక నీళ్లు చల్లగా నుండును. కుండ మీద ఒక మూత, ఒక గ్లాసు ఉంచుము.